సువార్తమ్మ మూడో చరణం

రాయప్ప ఫాదర్‌గారిని ప్రశ్న అడిగి, కూర్చున్నచోటే జవాబు విన్నవాళ్లు వేములమిట్ట విచారణలో, ఆ గుడి కింద ఉన్న ఊళ్లన్నిటిలోనూ, ఎవరూ లేరు. ప్రశ్న చెవిన పడగానే ఆయన ముందు చెప్పుల కోసం వెతుక్కునేవారు. అడిగినవాడు కూడా లేచి చెప్పులు తొడుక్కోవాల్సిందే. ఆ తరువాత ఏ రోగి మంచం పక్కనో, ఏ మిరపకళ్లం గట్టునో జవాబు ఎదురయ్యేది. ఎదురుకాని రోజున కాళ్లనొప్పులే జవాబు. అందుకే ఆ చుట్టుపక్కల ఫాదర్‌గారిని ఏదైనా అడగదలచినవాళ్లు ముందు అన్నం తిని, ఆ తరువాత అడిగేవారు.

ఈ సంగతి బాలశౌరికి తెలియనిది కాదు. ఫాదర్‌ను చేసే గురుపట్టం ఇచ్చేముందు ఒక ఏడాది పల్లెలో పనిచేసి రమ్మని మేత్రాణులవారు, అంటే బిషప్‌గారు, పంపగా వచ్చిన డీకన్ అతను. ఊళ్లో అందరికీ బ్రదర్‌గారు, రాయప్ప ఫాదర్‌గారికి మాత్రం శౌరి. సెమినరీలో చదువులో ముందుండేవాడు. హార్మోనియం ముందు కూర్చుంటే వేళ్లు వాటంతటవే పరిగెత్తేవి. మనసు మంచిది. ఉన్న లోపమల్లా ఒక్కటే, నిన్న నేర్చుకున్నది ఇవాళ పొద్దుటికల్లా లోకమంతా అమలు కావాలంటాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్న సామెత ఊళ్లో ఒకరిద్దరు అతని వెనక వాడేవారు గానీ, అభిమానంగానే వాడేవారు.

అతని ప్రశ్న ఒక ఆదివారం సాయంత్రం పుట్టింది. కాలవ అవతలి పాలెంలో ఒక రోగిని చూసి సైకిల్ మీద తిరిగి వస్తున్నాడు. లూథరన్ గుడి ముందుకు వచ్చేసరికి లోపల పాట మొదలైంది.

"గడపలో నిలిచితి నాథా, నన్ను
గమనించి పిలువవే నాథా."

శౌరి సైకిల్ దిగాడు. అది తమ పాట. వేములమిట్ట ఆర్.సి.ఎం. గుడిలో ప్రతి ఆదివారం పూజలో, సత్ప్రసాదం పంచే వేళ పాడేది అదే. నాథా పాట అంటే మాటలు రాని పిల్లలు కూడా తల ఊపుతారు. శౌరి పుట్టిన ఊళ్లోనూ అంతే. అమ్మ ఒళ్లో విన్నాడు. సెమినరీకి బయలుదేరిన రోజున గుడిలో అదే పాడి పంపితే, బస్సెక్కాక కూడా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. మన పాట వీళ్లదాకా వచ్చిందే అని ముచ్చటపడి గోడవారగా నిలబడ్డాడు. రెండు చరణాలూ అయ్యాయి. పాట అక్కడితో అయిపోవాలి. కాలేదు. లోపలివాళ్లు తాపీగా మూడో చరణం ఎత్తుకున్నారు.

"పూసలెంచిన వ్రేళ్ల పుణ్యంబు లేదు
గురువు చేతులలోన మోక్షంబు లేదు
ఆకలిగొన్న నా ఆత్మ పిలిచేను
నాథా నా యొద్దకు నీవె రావా."

శౌరి ఒక్కొక్క మాటే విడదీసుకున్నాడు. పూసలంటే జపమాల. గురువంటే ఎవరో కాదు, రేపు తాను కాబోయేవాడే. వింటున్నంతసేపూ అతని చేయి జేబులో జపమాల మీదే ఉంది, అది అక్కడే బిగుసుకుపోయింది. పాట మనది కాదు, వాళ్లది. వాళ్లదైతే అయింది, మనల్ని ఎత్తిపొడవడానికి కట్టింది. గోడ దాటించేటప్పుడు ఎవరో మెల్లిగా తోక కోసి దాటించారు. ఇన్నేళ్లుగా ఊరూరా, క్రీస్తునాథుని శరీరాన్ని నాలుక మీద అందుకునే వేళ, జనం మోకాళ్ల మీద ఉండి మరీ దీన్ని పాడుతున్నారు. తానూ పాడాడు. పాడి ఏడ్చాడు. దారిపొడుగునా అతనికి ముందు సిగ్గు వేసింది, ఆ వెనక కోపం వచ్చింది, ఇల్లు చేరేసరికి భయం పట్టుకుంది.

ఫాదర్‌గారు వరండాలో కాళ్లు కడుక్కుంటున్నారు. శౌరి సైకిల్‌కి స్టాండు కూడా వేయకుండా అడిగేశాడు.

"ఫాదర్, వాళ్ల పాటలు మన పూజలో పాడవచ్చా?"

ఆ వెంటనే విన్నదంతా చెప్పాడు. తోక కోసినంత మాత్రాన పాము పాము కాకుండా పోతుందా అన్నాడు. మనిషి నోరు ఏది పాడుతుందో మనసు చివరికి అదే నమ్ముతుందని పెద్దలు ఊరికే అనలేదన్నాడు. సత్ప్రసాదంలో రొట్టె కూడా రొట్టెగానే మిగులుతుందని నమ్మేవాళ్ల పాటను, అది ఇక రొట్టే కాదు, సాక్షాత్తూ ప్రభువేనని నమ్మేవాళ్లు, అదీ ప్రసాదం వేళ పాడితే ఇంక మిగిలిందేమిటన్నాడు. ఫాదర్‌గారు తువ్వాలుతో కాళ్లు తుడుచుకుంటూ చివరిదాకా విన్నారు. నీ మాటలో తప్పు లేదు శౌరీ అన్నారు. అని, చెప్పుల కోసం అటూ ఇటూ చూశారు. అప్పటికే ఒక కంట్లో శుక్లం ముదిరి ఉంది, ఒక చెప్పు కనిపించింది గానీ రెండోది కనిపించలేదు. మర్నాడు పొద్దున్నే కంటి ఆపరేషన్‌కి గుంటూరు బస్సెక్కాలి. కన్ను వచ్చాక నడుద్దాంలే అని నవ్వి లోపలికి వెళ్లిపోయారు.

తప్పు లేదన్న మాటే శౌరికి చాలు. ఫాదర్‌గారు ఊళ్లో లేని ఆ నాలుగు రోజుల్లో పాటల బృందాన్ని కూర్చోబెట్టి, ఇకమీదట నాథా పాట పాడవద్దని చెప్పాడు. ఎందుకని అడిగితే, కారణం ఆదివారం ప్రసంగంలో అందరికీ కలిపి చెబుతానన్నాడు. దాని బదులు కొత్త పాట నేర్పాడు. ఆ పాట ఎవరు కట్టారని ఒక అమ్మాయి అడిగితే హార్మోనియం తిత్తి సర్దుకున్నాడు తప్ప పేరు చెప్పలేదు. పేరు అందరికీ తెలిసిపోయింది.

ఈ లోపల సువార్తమ్మ పడిపోయింది.

సువార్తమ్మ కాలవ అవతలి పాలెంలో పుట్టిన మనిషి. లూథరన్ల పిల్ల. ఆర్.సి.ఎం. మరియన్నను చేసుకుని ఇవతలికి వచ్చినప్పుడు, అప్పటి ఫాదర్‌గారు అటువైపువన్నీ అటే వదిలి రమ్మన్నారట. అన్నీ వదిలింది. మెడలో జపమాల వేసుకుంది, శుక్రవారాలు ఒక్కపొద్దులుంది, మరియమాత పండక్కి గుడి అంతా కడిగింది. నోట్లో ఉన్న పాటల్ని మాత్రం ఎక్కడ వదలాలో ఎవరూ చెప్పలేదు. నాథా పాట ఆ ఊరి గుడిలోకి ఆమె వెంటే వచ్చిందని ముసలివాళ్లు చెప్పుకునేవారు. మనవళ్లకు పెళ్లిళ్లయ్యాక కూడా ఊరు ఆమెను లూథరన్ల పిల్ల అనే పిలిచింది. ఊరు ఒకసారి పెట్టిన పేరు అంత సులభంగా తీయదు.

పొద్దున వాకిలి ఊడుస్తూ చీపురుతో సహా ఒరిగిపోయింది. కుడిపక్కంతా పడిపోయింది, మాట పోయింది. డాక్టరు చూసి రోజుల్లోకి వచ్చిందని చెప్పాడు. మింగడం మాత్రం పోలేదన్నాడు, పెదవుల సందున దూదితో పిండిన నీళ్లు గొంతు దిగుతూనే ఉన్నాయి. కొడుకు జోజి పరుగున వచ్చి బ్రదర్‌గారిని పిలిచాడు. ఆఖరి సత్ప్రసాదం తీసుకోకుండా పోకూడదన్నది ఆమె ఎప్పుడూ చెప్పే మాట.

శౌరి ఏ లోపమూ చేయలేదు. తెల్లబట్ట పరిపించాడు, కొవ్వొత్తి వెలిగించాడు, ప్రార్థనలన్నీ నిదానంగా చదివాడు. ప్రసాదంలో చిన్న తునక తుంచి ఆమె పెదవుల దగ్గర పెట్టి, నోరు తెరవమ్మా అన్నాడు. ఆమె చూసింది. చూసి, పెదవులు బిగించింది. శౌరి మళ్లీ అడిగాడు. కోడలు లూర్దమ్మ చెవి దగ్గర వంగి బతిమాలింది, గడ్డం పట్టుకుంది, చివరికి ఏడ్చింది. సువార్తమ్మ మెల్లిగా మొహం గోడవైపు తిప్పుకుంది. వాకిట్లో నిలబడ్డ పాతికమందీ అది చూశారు. శౌరి ప్రసాదాన్ని వెండి డబ్బీలో పెట్టి మూత వేశాడు. పట్టుకెళ్లిన ప్రభువును వెనక్కి తీసుకురావడం అతనికి అదే మొదటిసారి. దారిలో మోకరించినవాళ్ల మొహం చూడలేక తల దించుకుని నడిచాడు.

సాయంత్రానికి ఊళ్లో ఒకటే మాట. పోయేముందు పుట్టింటి గాలి తిరిగింది, ప్రసాదం కాదంది అన్నారు. మాట కాలవ దాటడానికి ఎంతసేపు పడుతుంది. మర్నాడు పొద్దున్నే ఆమె తమ్ముడి కొడుకు వచ్చి, మీ ప్రసాదం మా మేనత్త వద్దందట గదా, మా పాస్టరు అయ్యగారిని పిలిపిస్తాం, పోయాక మా సమాధుల దొడ్లోనే పెట్టుకుంటాం అన్నాడు. అతను గొడవకు రాలేదు, మర్యాదగానే అడిగాడు. అదే జోజికి ఎక్కువ భయం వేసింది. ఇవతల గుడి పెద్దలు కూడా, ప్రభువునే కాదన్న మనిషిని మన దొడ్లో ఎలా పెట్టడమని గొణుగుతున్నారు.

ఫాదర్‌గారు గుంటూరు నుంచి దిగేసరికి జోజి బస్టాండులోనే ఉన్నాడు. ఆయన కంటికి పెద్ద నల్లద్దాలు. మనిషిని పోల్చుకోకముందే ఏడుపు వినిపించింది.

"మా నాయన పక్కన చోటుంచాం ఫాదర్‌గారూ. ఆ చోటు అమ్మే చూపించింది. పెసాదం కాదన్న మడిసిని అక్కడ పెట్టనివ్వరంట. యాభై ఏళ్లు ఆయనతో కాపరం చేసింది. ఇప్పుడు కాలవ అవతల ఒక్కతే పడుకోవాలా?"

ఫాదర్‌గారు అతని భుజం మీద చేయి వేసి, నువ్వు ఇంటికి పద, ఒక కొవ్వొత్తి చూసి ఉంచు అన్నారు. గురువుల ఇంటికి వచ్చేసరికి శౌరి గుమ్మంలోనే ఎదురయ్యాడు. రెండు రాత్రుళ్లు నిద్రపోలేదని మొహమే చెబుతోంది. అతనిలో ఇప్పుడు కోపం లేదు, నిజంగా బాధ ఉంది. ఇందుకే అడిగాను ఫాదర్ అన్నాడు. యాభై ఏళ్లు వాళ్ల పాట పాడనిచ్చాం, ఆఖరికి ఆమె నోరు వాళ్లదే అయింది, ప్రభువు గడపదాకా వెళ్లి తిరిగి వచ్చాడు అన్నాడు.

ఫాదర్‌గారు గుడిలోకి వెళ్లి మందసం తెరిచి, ప్రసాదమున్న వెండి డబ్బీ మెడలో వేసుకున్నారు. బయటికి వచ్చి చెప్పుల కోసం చూశారు. ఈసారి రెండూ కనిపించాయి.

సువార్తమ్మ ఇంటినిండా జనం. తమ్ముడి కొడుకు కూడా గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఫాదర్‌గారు, వెనకే కొవ్వొత్తితో శౌరి, లోపలికి వచ్చారు. ఫాదర్‌గారు ముందు ఆమె చేతులు చూశారు. కుడిచేయి చచ్చుపడి ఉంది. ఎడమచేతికి జపమాల చుట్టి ఉంది, బొటనవేలు పూస మీంచి పూస మీదికి అతి మెల్లిగా జరుగుతోంది. అది మొన్న తానూ చూశానని, చూసీ దానికి అర్థం తోచలేదని శౌరికి గుర్తొచ్చింది. ఫాదర్‌గారు అవస్థ అభ్యంగనం ఇచ్చారు. నుదుటికీ అరచేతులకీ తైలం పూశారు. అప్పుడు ప్రసాదం డబ్బీ తెల్లబట్ట మీద తెరిచిపెట్టి, తునక వేళ్ల మధ్య పట్టుకుని, మంచం అంచున కూర్చున్నారు. నోరు తెరవమని అడగలేదు. ఒకసారి దగ్గి గొంతు సవరించుకున్నారు. సవరించుకున్నా అది బాగుపడే గొంతు కాదు.

"గడపలో నిలిచితి నాథా."

శౌరి ఉలిక్కిపడ్డాడు. తాను ఆపించిన పాట. పోనీలే అనుకున్నాడు, రోగి దగ్గర, ఆ రెండు చరణాలేగదా, వాటిలో దోషం లేదు. మొదటి చరణం అయింది. సువార్తమ్మ మొహం గోడవైపే ఉంది. రెండో చరణం నడుమకు వచ్చేసరికి ఆ మొహం ఇటు తిరిగింది. పెదవులు కదిలాయి. పెదవుల వెనకనుంచి సన్నగా, తీగలాగా, ఒక శబ్దం మొదలైంది. మూడు రోజులుగా మంచినీళ్లని కూడా అడగలేకపోయిన మనిషి పాడుతోంది. లూర్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జోజి మంచం కోడు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు.

రెండో చరణం అయిపోయింది. ఫాదర్‌గారు ఆగలేదు.

"పూసలెంచిన వ్రేళ్ల పుణ్యంబు లేదు."

శౌరి చేతిలోని కొవ్వొత్తి ఒరిగి, కరిగిన మైనం వేళ్ల మీద పడింది. మంట తెలియలేదు. ఎదురుగా ప్రభువు శరీరం ఉంది. దాన్ని పట్టుకున్నది నలభై ఏళ్లకు పైగా పూజ చేసిన గురువు. ఆ గురువు నోట ఈ మాట. శౌరికి ఆయన్ను ఆపాలనిపించింది. ఆయన భుజం పట్టుకోవాలనిపించింది, ఆ ప్రసాదాన్ని చేతిలోంచి తీసుకుని బయటికి పరిగెత్తాలనిపించింది. గుమ్మంవైపు చూస్తే, అక్కడి లూథరన్ కుర్రవాడి మొహం కూడా పాలిపోయి ఉంది. ఆర్.సి.ఎం. ఫాదర్ నోట ఆ చరణం వింటానని అతను మాత్రం ఎప్పుడనుకున్నాడు.

అప్పుడు ఫాదర్‌గారు గొంతు తగ్గించారు. పాట సువార్తమ్మ చేతిలోకి వెళ్లింది. జపమాల మీద బొటనవేలు జరుగుతూనే ఉంది. ఆమె ఫాదర్‌గారి మొహంలోకి సూటిగా చూస్తూ, ఒక్క అక్షరం పోకుండా, గురువు చేతులలోన మోక్షంబు లేదని పాడింది. ఆకలిగొన్న నా ఆత్మ పిలిచేనని పాడింది. నాథా నా యొద్దకు నీవె రావా అని చివరి పదం ఎత్తి, ఆ దీర్ఘం మీద నిలబడింది. నోరు పూర్తిగా తెరుచుకుంది.

ఫాదర్‌గారు ఆ దీర్ఘం ముగియకముందే ప్రసాదం తునక ఆమె నాలుక మీద పెట్టారు.

పాట ఆగింది. పెదవులు మూతబడ్డాయి. గొంతు ఒకసారి కదిలింది. లూర్దమ్మ దూదితో నీళ్లు పిండింది, అవి కూడా దిగాయి. సువార్తమ్మ కళ్లు మూసుకుంది. తరువాత ఫాదర్‌గారు వేళ్లు కడుక్కుని, జోజి తల మీద చేయి వేసి, మీ నాయన పక్క చోటు శుభ్రం చేయించుకోరా అన్నారు. గుమ్మంలో ఉన్న తమ్ముడి కొడుకు ఆయనకు దారి ఇచ్చి, వందనాలండీ అన్నాడు.

తిరిగి వస్తున్నంతసేపూ శౌరి ఫాదర్‌గారికి రెండడుగులు వెనకే నడిచాడు. అడగడానికి అతని దగ్గర ఒక ప్రశ్న కాదు, గంపెడున్నాయి. ఒకదాన్ని పట్టుకోబోతే ఇంకొకటి జారుతోంది. ఆమె నోరు తెరిచినందుకు గుండెనిండా సంతోషం ఉంది. ఆ నోటిని తెరిపించిన మాటలు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది. రెండూ ఒకే గుండెలో పట్టడం లేదు. ఆ రాత్రి అతను ప్రసంగం కోసం రాసుకున్నది మళ్లీ చదువుకున్నాడు. అందులో ఇప్పటికీ ఒక్క తప్పు కనపడలేదు, అందుకే మరింత బెంగపడ్డాడు.

సువార్తమ్మ శనివారం మధ్యాహ్నం కన్నుమూసింది. ఆదివారం పూజ అయ్యాక సమాధి అని నిర్ణయించారు. ఆ పూజలో శౌరి ప్రసంగించలేదు. గొంతు బాగాలేదని ఫాదర్‌గారికి చెప్పాడు. ఫాదర్‌గారు అతని గొంతు గురించి ఏమీ అడగలేదు. సత్ప్రసాదం వేళ వచ్చింది. పాటల బృందం శౌరివైపు చూసింది. అతను తల ఊపనూ లేదు, అడ్డంగా తిప్పనూ లేదు. ఆడవాళ్ల వరసలో ఎవరో ముసలమ్మ నాథా పాట ఎత్తుకుంది, డోలక్ దాని వెంట నడిచింది. కొత్త పాట సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. శౌరి ఆపలేదు. పాడనూ లేదు. ఎప్పుడూ కూర్చునే హార్మోనియం వదిలి, ప్రసాదపు పాత్ర పట్టుకుని ఫాదర్‌గారి పక్కన నిలబడ్డాడు.

వరస తరిగింది. రెండు చరణాలూ అయ్యాయి, డోలక్ ఆగింది. ఆఖరి మనిషి కూడా నాలుక మీద ప్రసాదం అందుకుని లేచి వెళ్లిపోయింది. ఫాదర్‌గారు మాత్రం బలిపీఠంవైపు తిరగలేదు. మరొక ప్రసాదం వేళ్లతో ఎత్తి పట్టుకుని, ఖాళీగా ఉన్న మెట్టువైపు చూస్తూ నిలబడ్డారు. ఎంతసేపంటే, ఒక చరణం పాడేంతసేపు. జనం తలలెత్తి చూస్తున్నారు. కళ్లు సరిగా కనపడక, ఇంకా ఎవరైనా ఉన్నారనుకుంటున్నారేమోనని శౌరి మెల్లిగా, అందరూ అయిపోయారు ఫాదర్ అన్నాడు. ఫాదర్‌గారు, అవునన్నారు. అప్పుడు ఆ ప్రసాదాన్ని పాత్రలో పెట్టేశారు.

సువార్తమ్మను మరియన్న పక్కనే పెట్టారు. గుడి పెద్దలు ముందు నిలబడి మట్టి వేశారు. కాలవ అవతలివాళ్లూ వచ్చి వేశారు. అంతా చెదిరిపోయాక గురువూ శిష్యుడూ మిరపతోటల మధ్య బాటమీద ఇంటిముఖం పట్టారు. అక్కడ శౌరి ఇంక ఆపుకోలేకపోయాడు. ఆ చరణం మీకెలా తెలుసు ఫాదర్ అని అడిగాడు.

ఫాదర్‌గారు నడుస్తూనే చెప్పారు. కుర్రతనంలో ఒకసారి, ముసలితనంలో ఒకసారి, ఈ విచారణలో తాను పనిచేసిన ఏళ్లన్నిటిలోనూ సువార్తమ్మ ప్రసాదానికి ఎప్పుడూ వరసలో ఆఖరునే వచ్చేదట. అణకువ కొద్దీ అలా వస్తోందని మొదట్లో ఆయన అనుకున్నారట. పాట అయిపోయి, డోలక్ ఆగిపోయాక, మోకరించి, ఆయనకు తప్ప ఇంకెవరికీ వినపడనంత మెల్లిగా ఆ మూడో చరణం పాడేదట. చివరి పదం మీద నోరు తెరిచేదట. అంతకు ముందు ప్రసాదం చూపించినా తెరిచేది కాదట. ఆయన ఆ పదం కోసం ఆగడం అలవాటు చేసుకున్నారట.

శౌరి బాట మధ్యలో నిలబడిపోయాడు. ఇన్నేళ్లు. ప్రతి ఆదివారం. ఆ బలిపీఠం ముందు. మొన్న ఆ ఇంట్లో కలిగిన అదురు దీనిముందు ఎంత. గురువు చేతుల్లో మోక్షం లేదని ఆ గురువు మొహం మీదే పాడిన మనిషికి, ఆ చేతులతోనే ప్రసాదం పెడుతూ వచ్చిన ఈ మనిషిని అతను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. అడగాల్సినది ఇప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఆ మాటలకు అర్థం ఆమెకు తెలుసా ఫాదర్? మీరు ఒక్కసారైనా అడిగారా?"

రాయప్ప ఫాదర్‌గారు నల్లద్దాలు తీసి, అంగీ అంచుతో కన్ను ఒత్తుకున్నారు. ఆపరేషన్ చేసిన కన్ను కాదు, రెండోది.

"అడగాలనే ఉండేది శౌరీ. ఆమె నోరు తెరిచినప్పుడల్లా నా చేతికి పని ఉండేది."